నడిపి కోడలి పేరు

విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ 1914లో ‘సబుజ్ పత్ర’ అనే వంగ మాసపత్రికలో ‘స్త్రీర్ పత్ర’ అనే కథను ప్రకటించాడు. ‘భార్య లేఖ’ అని దాని అర్థం. పదిహేనేండ్ల కాపురంలో భర్తకు ఒక్క ఉత్తరమైనా వ్రాయని మృణాల్, పూరీ క్షేత్రం నుండి వ్రాసిన మొదటి ఉత్తరమే ఈ కథ. తానిక అత్తవారింటికి తిరిగి రానని అందులో ఆమె తెలియజేస్తుంది.

మొదటిసారి చదివినప్పుడు నాకు మృణాల్ మీదనే కోపం వచ్చింది. భర్త క్రూరుడు కాడు. అన్నవస్త్రాలకు కొరత లేదు. మరి ఆమెకు ఏం తక్కువైంది? రెండవసారి చదివినప్పుడు ఆ ప్రశ్న అడిగినందుకు సిగ్గుపడ్డాను. ఆమె చాటుగా కవిత్వం వ్రాసుకొనేది. ఆ సంగతి ఆ ఇంటిలో ఒక్కరికీ తెలియదు. పుట్టగానే బిడ్డను పోగొట్టుకొన్న ఆ తల్లి దుఃఖమూ ఆమెలోనే ఉండిపోయింది.

తన బాధను సహించిన మృణాల్, బిందు బాధను సహించలేకపోయింది. తోడికోడలి చెల్లెలైన బిందు దిక్కులేని పిల్ల. పెద్దలు ఆమె బరువు వదిలించుకొనడానికి ఒక పిచ్చివానికిచ్చి పెండ్లి చేశారు. పారిపోయి వచ్చినా ఆమెకు ఆశ్రయం దొరకలేదు. చివరకు బట్టలకు నిప్పంటించుకొని మరణించింది. ఇది చదివి నేను పుస్తకం మూసి చాలాసేపు మౌనంగా కూర్చున్నాను.

ఈ కథ వివాహాన్ని నిరసిస్తున్నదని కొందరు అనవచ్చు. నేను అంగీకరించను. 1910లో వెలువడిన గురజాడ ‘దిద్దుబాటు’లోనూ భార్య ఉత్తరం ఉంది. తప్పు తెలుసుకొన్న భర్తకు కమలిని మళ్ళీ దక్కింది. మృణాల్ ఇంటివారికి మాత్రం తాము తప్పు చేశామన్న తలంపే లేదు. అటువంటి చోట వెళ్ళిపోవడం అహంకారం కాదు, అన్యాయంలో పాలు పంచుకోకపోవడం. పైగా ఆమె చావును గాక బ్రతుకునే కోరుకొన్నది.

అత్తవారింట ఆమె నడిపి కోడలు. ఉత్తరం చివర మాత్రం మృణాల్ అని తన పేరు వ్రాసుకొన్నది. అక్కడ నాకు మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. ఊరంతా ఆమెను ‘రెండో కోడలు’ అనే పిలిచేవారు. రేషన్ కార్డు చూసిన నాడు గాని ఆమె పేరు నాకు తెలియలేదు. ఆమె మనసులో ఏముండేదో అడగాలని ఆనాడు నాకు తోచలేదు. అడుగుదామంటే ఇప్పుడామె లేదు.