కూచిపూడి మాగాణిలో సీసం: గ్రావెల్ వద్దు, మెగ్నీషియా పరీక్ష చేయించమని వినతి

గౌరవనీయులైన కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి, మచిలీపట్నం.
మొవ్వ మండలం కూచిపూడి రైతులు సమర్పించుకునే వినతిపత్రం.

అయ్యా,

మా పంట బోదె పక్కన ఒక షెడ్డులో కొన్నేళ్ళపాటు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించారు. షెడ్డు మూతపడింది గానీ మట్టి మాకే మిగిలింది. గట్టు మీద పార వేస్తే బ్యాటరీ డబ్బాల నల్ల పెంకులు, వాటికంటిన బూడిదరంగు పొడి పైకొస్తాయి. పక్క మడిలో వరి కోతకు ముందు చల్లిన మినుము రెండాకులేసి పండుబారిపోయింది. మా ఊళ్ళో పిల్లలు నాట్యం నేర్చేది వట్టి కాళ్ళతో. సీసం ఎంత కొంచెమైనా పిల్లలకు క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఫిట్స్‌తో పడిపోయినప్పుడు రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని తమకు తెలుసు. దర్యాప్తు తర్వాత పురుగుమందుల వైపు మళ్ళినా, ఆ మాట మా గుండెల్లో ఉండిపోయింది.

అర్జీ పెట్టుకుంటే, చూడటానికి వచ్చినవారు సున్నం కలిపి పైన గ్రావెల్ తోలిస్తే చాలన్నారు. మేము ఒప్పుకోలేనిది దీన్నే. సున్నం ఎక్కువైతే మట్టి పి.హెచ్. 12 దాటుతుంది, అంత క్షారంలో సీసం మళ్ళీ నీళ్ళలోకి కరుగుతుంది. ఇక గ్రావెల్ కింద పడిన పొలంలో ఎవరు ఊడుస్తారు?

మాగ్నసైట్ రాయిని కాల్చి తీసే మెగ్నీషియం ఆక్సైడ్, అంటే మెగ్నీషియా, సంగతి వేరు. ఆ రాయి మనకు పొరుగున, తమిళనాడు సేలంలోనే దొరుకుతుంది. తడి తగిలితే ఆ పొడి హైడ్రాక్సైడ్‌గా మారి పి.హెచ్.ను 10 దరిదాపుల్లో నిలుపుతుంది. సీసం బాగా తక్కువగా కరిగేది అక్కడే. అసలు మేలు ఆ తర్వాత నెలల తరబడి, నెమ్మదిగా జరుగుతుంది. మట్టిలోంచి కరిగొచ్చే సిలికాతో మెగ్నీషియం కూడి పొరలు పొరలుగా కొత్త బంకమట్టి ఖనిజం కడుతుంది. అల్యూమినియం కూడా కలిస్తే హైడ్రోటాల్సైట్ అనే మరో పొరల ఖనిజం పుడుతుంది. సీసం వీటిని అంటిపెట్టుకుంటుంది. మనం పలక మీద దిద్దిన బలపపు రాయి కూడా మెగ్నీషియం సిలికేటే, పైన చెప్పిన బంకమట్టి ఖనిజం కుటుంబానిదే. దక్కను బసాల్టు నుంచి కృష్ణమ్మ మోసుకొచ్చిన మా నల్లమట్టిలో సిలికాకు గానీ, అల్యూమినియానికి గానీ కరువు లేదు.

సీసం మాయమైపోతుందని మేము అనడం లేదు. మెగ్నీషియం మితిమీరితే నల్లరేగడి బిగిసి నీరు దిగదు, పి.హెచ్. తగ్గేదాకా ఆ మడిలో పైరు వేయకూడదు. అందుకే ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలతో మోతాదు తేల్చి, ముందు ఐదు సెంట్లలో సున్నం, మెగ్నీషియా పక్కపక్కనే వేసి చూపించండి. నీరు పెట్టినప్పుడొకసారి, ఎండకు నెర్రెలిచ్చాక మరోసారి ఊట నీటిని పరీక్షించి, ఫలితాలు తెలుగులో పంచాయతీ బోర్డు మీద అంటించండి. 2025లో వచ్చిన కలుషిత స్థలాల నియమాల కింద ఈ స్థలాన్ని కాలుష్య నియంత్రణ మండలికి పంపి, ఖర్చు కలుషితం చేసినవారి నుంచే రాబట్టండి. పైరు లేని కాలానికి కౌలు రైతుకు కూడా పరిహారం ఇప్పించండి. పిల్లల రక్తపరీక్షలు మాత్రం వీటన్నిటికన్నా ముందే జరగాలి.

కాలువలకు నీరు వదలకముందే ఆ బోదెకు అడ్డుకట్ట వేయించమని వేడుకుంటున్నాం. నీరు పారిందంటే ఆ బూడిద పొడి దిగువ మళ్ళకు చేరుతుంది.

ఇట్లు
కూచిపూడి రైతులు, కౌలు రైతులు