కార్లు రైలెక్కినయ్.. డ్రైవరన్న ఎప్పుడెక్కాలె?

మా రావల్కోల్ నుంచి మేడ్చల్ వోయి, 44వ నంబర్ హైవే మీద ఒక్క గంట నిలవడుండ్రి. కొత్త కార్లను రెండంతస్తులుగ పేర్చుకొని పోయే పొడుగు ట్రైలర్లు కండ్లవడ్తయ్. ఆ స్టీరింగ్ వెనుక కూసున్నోడు మనసొంటి ఊరి పిలగాడే.

మొన్న మేడ్చల్ స్టేషన్ల ఒక రైలు జూసిన. అన్నీ ప్యాసింజర్ డబ్బాలే, కానీ ఒక్క కిటికీ తెరిచి లేదు. పక్కనున్న తమ్ముడు "గిదేం రైలే అన్నా, మనుషులే లేరు?" అన్నడు. అది కార్ల రైలు. జనాన్ని మోసి మోసి పాతవడ్డ డబ్బాల సీట్లు పీకి, కిటికీలు మూసి, కొసలకు తలుపులు వెడ్తరు. దాన్ని ఎన్‌ఎంజీ అంటరు. కారు ఒక కొసన ఎక్కి డబ్బాల నుంచి డబ్బాలకు ముందుకు నడుస్తది.

ఈ ఉపాయం సర్కసోళ్లది. 1872ల అమెరికాల బార్నమ్ సర్కస్ తన బండ్లను గోడలు, కప్పు లేని వ్యాగన్ల మీదికి వెనుక కొస నుంచి ఎక్కించి ఊరూరు తిరిగింది. ఇప్పటికీ దాన్ని సర్కస్ లోడింగనే అంటరు. తర్వాత లారీ ట్రైలర్లు గూడ గట్లనే రైలెక్కినయ్. 1950లల కొత్త కార్ల కిరాయి లారీలకు వోతుంటే, అక్కడి రైల్వేలు 1960ల రెండు, మూడంతస్తుల వ్యాగన్లు తెచ్చి మళ్ల గుంజుకున్నయ్. తెరిచి ఉన్న కార్ల మీద రాళ్లువడ్డయ్, సామాన్లు వోయినయ్. అందుకే చుట్టూ గోడలు, పైన కప్పు వచ్చినయ్.

మన దేశం ఆ తొవ్వల ఆలస్యంగ నడిచింది. 2013-14ల రైలెక్కిన కార్లు నూటికి రెండు గూడ లేవు. 2021-22 నాటికి 16 అయినయ్. ఇప్పుడు నాలుగో వంతుకు దగ్గరవడ్డయ్. పెనుకొండ కాడ తయారైన కియా కార్లు గూడ రైల్లనే దూరం వోతున్నయ్. మంచిదే. డీజిల్ మిగుల్తది, రోడ్డు మీద రద్దీ తగ్గుతది.

మరి డ్రైవరన్న సంగతేంది? మా బాపు లారీ క్లీనర్‌గ షురువై డ్రైవరయిండు. నెలకు నాలుగు దినాలు ఇంట్ల ఉంటే మాకు పండుగ. నిద్రలేని రాత్రులే ఆయన కండ్లను, నడుమును తిన్నయ్. గా బతుకు ఎవ్వరికీ వద్దు. కానీ పని వోయి చేతులూపుకుంట ఇంటికి వచ్చుడు గూడ బతుకు గాదు.

ఇంకో తొవ్వ ఉన్నది. 1999 జనవరి 26న కొంకణ్ రైల్వే రోరో సురువు జేసింది. సరుకుతోని ఉన్న లారీనే వ్యాగన్ మీదికెక్కుతది. డ్రైవరు తన క్యాబిన్లనే పండుకొని పోయి, ఆడ దిగి మళ్ల స్టీరింగ్ వట్టుకుంటడు. రేవాడి–పాలన్‌పూర్ సరుకు కారిడార్ల పాల ట్యాంకర్లు గూడ గట్లనే పోతున్నయ్. మామూలు లైన్లల కరెంటు తీగల ఎత్తు అడ్డమొస్తది. వ్యాగన్ మీద ఎత్తు లారీ నిలవడితే తీగకు తగిలే ముప్పు. ఆ కారిడార్ల తీగలు ఎత్తుగ కట్టిండ్రు కాబట్టి నడుస్తున్నది. అంటే ఇది కుదరని పని గాదు, ఖర్చు వెట్టి చెయ్యాల్సిన పని.

అస్సలు పంచాయితి ర్యాంపు కాడ ఉన్నది. కార్లు ఎక్కేది, దిగేది ఎక్కడో ఆడనే పని ఉంటది. మారుతి మానేసర్ ఫ్యాక్టరీ లోపటికే 2025ల రైలు పట్టాలు వచ్చినయ్. అది కంపెనీ ప్రహరీ లోపటి ముచ్చట, మన పిలగాండ్లకు గేటే కనవడదు. అందుకే అడగాల్సింది ఒక్కటే. రైల్వే గూడ్స్ షెడ్లల అందరికీ అందే ర్యాంపు గట్టాలె. ఎక్కించి దించే పనికి చుట్టుపక్కల ఊర్లోళ్లను తీసుకోవాలె, పీఎఫ్, ఈఎస్‌ఐ ఇయ్యాలె. ఆడికెళ్లి షోరూంల దాంక ట్రైలర్ నడిపే పొట్టి ట్రిప్పులు మన డ్రైవర్లకే రావాలె. పొద్దుగాల వోయి మాపటికి ఇల్లు జేరే డ్యూటీ అది.

తమ్ముళ్లారా, కార్ల కోసం డబ్బాలు మార్చిండ్రు, అంతస్తులు వెంచిండ్రు, సరుకు కోసం తీగలు ఎత్తుగ కట్టిండ్రు. డ్రైవర్ నిద్ర కోసం ఒక్క ర్యాంపు గట్టలేరా? రేపు మీ ఊరికి ఓట్ల కోసం వచ్చెటోళ్లను గీ ముచ్చట అడుగుండ్రి.