గేటు ముందు రోడ్డు మనది కాదు

మేం హైదరాబాద్‌లో ఒక పాత కాలనీలో, 20 అడుగుల వీధిలో ఉంటున్నవాళ్ళం. సొంతిళ్ళవాళ్ళు, అద్దెకున్నవాళ్ళు, కార్లున్నవాళ్ళు, లేనివాళ్ళు కలిసి కూర్చుని ఒప్పుకున్న మాటలివి.

ముందు లెక్క చూడండి. 20 అడుగులంటే 6 మీటర్ల పైచిలుకు. ఇప్పుడొస్తున్న పెద్ద కార్ల వెడల్పు దాదాపు 1.8 మీటర్లు. గోడకు అడుగు ఎడం వదిలి రెండువైపులా ఆపితే నడుమ 2 మీటర్లు కూడా మిగలవు. ఫైరింజన్‌కు రెండున్నర మీటర్ల దాకా కావాలి. 101కి ఎంత తొందరగా ఫోన్ చేసినా బండి వీధి మొగలోనే ఆగిపోతుంది. 108 అంబులెన్స్ ఎలాగో దూరినా, అడ్డమున్న ప్రతి కారు దగ్గరా హారన్ కొట్టాలి. ఆ కారాయన మూడో అంతస్తులో మంచి నిద్రలో ఉంటాడు. అందుకని వీధి పొడవునా, రాత్రీ పగలూ, మూడున్నర మీటర్ల దారి ఖాళీగా ఉండాల్సిందే. పెళ్ళి షామియానాకూ వినాయకుడి మండపానికీ ఇదే కొలత.

బండ్లు ఒకవైపే ఆగుతాయి. ఏ వైపన్నదాని మీద చాలాసేపు పోట్లాడుకున్నాక, నెలకోసారి వైపు మార్చాలని తేల్చాం. మలుపులకు 5 మీటర్ల లోపు స్కూటర్ కూడా ఆపం. ఇది మా సొంత చాదస్తమేమీ కాదు. మలుపు దగ్గర, ఫుట్‌పాత్ మీద, ఒకరి గేటుకు అడ్డంగా బండి పెట్టకూడదని 1989 నుంచీ రోడ్డు నిబంధనల్లో ఉంది.

రెండు కార్ల సందులోంచి బంతి వెంట పరిగెత్తుకొచ్చే పిల్లాడు డ్రైవర్‌కు కనిపించేది ఆఖరి క్షణంలో. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి, కాలు బ్రేకు మీదికి వెళ్ళే ఒక్క సెకనులోనే 8 మీటర్లు దాటిపోతుంది. అలాగని దారి ఖాళీ అయితే చాలు, పిల్లలు క్షేమమని మేం అనుకోవడం లేదు. ఖాళీ రోడ్డు చూస్తే కుర్రాళ్ళ బైకులకు రెక్కలొస్తాయి. అందుకే పార్కింగ్ తగ్గించడంతో పాటు పద్ధతి ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకర్లు కూడా అడుగుతున్నాం. ఎవరికి వారు రాత్రికి రాత్రి పోసుకునే సిమెంటు దిబ్బలు మాత్రం వద్దు.

అసలు తగువు బయటివాళ్ళతో కాదు, మాతోనే. ఫంక్షన్ హాలుకొచ్చినవాళ్ళు పూటకు ఆపి పోతారు. ఏడాది పొడవునా రోడ్డు మీదుండే కార్లు మావే. అపార్ట్‌మెంట్ల స్టిల్టుల్లో ట్యూషన్లు, టైలర్ మిషన్లు, పాత సోఫాలు పెట్టేసి కార్లను వీధిలోకి నెట్టాం. పార్కింగ్‌కు చూపిన చోటు పార్కింగ్‌కే ఉంచాలని భవన నిబంధనలు, 2012 నాటి జీవో 168తో సహా, చెబుతూనే ఉన్నాయి. ముందు ఆ చోట్లు ఖాళీ చేస్తాం. జపాన్‌లో కారు రిజిస్టర్ కావాలంటే దాన్ని పెట్టుకునే చోటుందని రుజువు చూపాలని 1962లోనే చట్టం చేశారు. మనకు అలాంటి చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. మాలో ఎవరు రెండో కారు కొన్నా, అది నిలిచే చోటు ముందు చూపిస్తారు.

గేటు ముందు రాళ్ళు, పూలకుండీలు, గొలుసులు తీసేస్తాం. 'పార్కింగ్ చేసినచో గాలి తీయబడును' అన్న బోర్డులు కూడా దిగుతాయి. గేటు లోపలిదే మనది, బయటిది అందరిదీ. ఎవరి టైర్లోనూ గాలి తీయం. ప్రతి కారు అద్దం వెనక ఇంటి నంబరు, ఫోన్ నంబరు ఉంటాయి. ముందు ఫోన్ చేస్తాం. కదలకపోతే ట్రాఫిక్ పోలీసులకు చెబుతాం. ఇస్త్రీ బండి, కూరగాయల బండి ఈ లెక్కలోకి రావు. దారి విడిచి నిలబడితే చాలు, వాళ్ళ జోలికి పోం.

పసుపు గీతలకు, 'నో పార్కింగ్' బోర్డులకు అనుమతి కోరుతూ మున్సిపల్ వార్డు ఆఫీసుకు, ట్రాఫిక్ స్టేషన్‌కు అర్జీలిస్తాం. అనుమతి వచ్చేదాకా వచ్చే నెల ఒకటో తేదీ నుంచి సున్నంతో గీతలు మేమే గీసుకుని, ఈ మాటలకు సంతకం పెట్టిన ఇళ్ళ కార్లతోనే అమలు మొదలుపెడతాం. పెట్టని ఇళ్ళ తలుపు మళ్ళీ తడతాం.