తక్కువ ఉన్నది కాదు, ముందు అయిపోయేది

ఇంటర్ మొదటి సంవత్సరంలో లిమిటింగ్ రీఏజెంట్ లెక్కల దగ్గర మాతోటి మిత్రులు ఇద్దరు బైపీసీ వదిలి సీఈసీకి మారారు. మాకంటే తెలివైనవాళ్లే. కల్వకుర్తి హాస్టల్లో ఉండి తెలుగు మీడియంలో పది పాసై పోయిన మాకు, మోల్ అంటే ఏమిటో చెప్పకముందే బోర్డు మీద సూత్రం పడింది. మేం బట్టీ పట్టాం, వాళ్లు పట్టలేదు. అంతే తేడా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మెస్సులో చూడండి. పళ్లేనికి రెండు చపాతీలు, ఒక గుడ్డు. చపాతీలు 60, గుడ్లు 40 ఉన్నాయి. తక్కువ ఉన్నవి గుడ్లే. కానీ ముప్పై పళ్లేలకే చపాతీలు ఖతం, పది గుడ్లు మిగులుతాయి. ముందు అయిపోయిన చపాతీయే లిమిటింగ్ రీఏజెంట్.

ఇక అమ్మోనియా. రామగుండంలో 2021లో మళ్లీ మొదలైన ఎరువుల కర్మాగారంలో యూరియాకు మూలం ఇదే. ఒక మోల్ నైట్రోజన్‌కు మూడు మోల్‌ల హైడ్రోజన్ కావాలి. రెండు మోల్‌ల అమ్మోనియా వస్తుంది. 28 గ్రాముల నైట్రోజన్, 10 గ్రాముల హైడ్రోజన్ ఇచ్చారనుకోండి. హైడ్రోజనే తక్కువ అని రాసి మేం మార్కులు పోగొట్టుకున్నాం. అణువులు కలిసేది తూకంతో కాదు, లెక్కతో. డజను అంటే 12 అయినట్టు, మోల్ అంటే ఒక పెద్ద సంఖ్య. 28ని 28తో భాగిస్తే నైట్రోజన్ ఒక మోల్, 10ని 2తో భాగిస్తే హైడ్రోజన్ ఐదు మోల్‌లు. మూడు వాడుకుంటుంది, రెండు మిగులుతాయి. అయిపోయేది నైట్రోజనే. అమ్మోనియా 34 గ్రాములు, మిగిలిన హైడ్రోజన్ 4 గ్రాములు. కలిపితే మొదటి 38 వచ్చింది కదా!

34 అనేది కాగితం మీది దిగుబడి. నిజంగా 17 గ్రాములే చేతికొస్తే 50 శాతం. కర్మాగారంలోనూ ఒక్క విడతలో అంతా మారదు, మిగిలిన వాయువుల్ని మళ్లీ తిప్పి పంపుతారు.

మా అభిప్రాయం ఒక్కటే. పూర్వ విద్యార్థులం ఏటా గైడ్లు కొనిస్తున్నాం, ఫొటోలు దిగుతున్నాం. బీరువా నిండా గైడ్లున్నాయి. స్టడీ అవర్‌లో పక్కన కూర్చుని చెప్పే మనిషే లేడు. మాలో చాలామంది ఇళ్లల్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. మీకూ అంతే కదా. అందుకే ఈసారి చందాలు గైడ్లకు వద్దంటున్నాం, వచ్చిపోయే బస్సు చార్జీలకు పెడదాం. రెండో ఆదివారం నుంచి మేం వస్తాం. తప్పిన లెక్కలు కొట్టేయకుండా అట్లనే ఉంచండి.