తుపాకీ ఆటలో నోటి దురుసు

మడకశిర, రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ మండలాల్లో పొద్దు గూకిన తర్వాత అరుగుల మీద, బస్ షెల్టర్లలో యువకులు తలలు వంచుకుని కూర్చోవడం ఇప్పుడు కొత్త కాదు. చేతిలో సెల్‌ఫోను, చెవిలో ఇయర్‌ఫోను. ఆడేది తుపాకీ ఆట. ‘పబ్జీ’ని కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించగా, 2021 జులైలో ‘బీజీఎంఐ’ పేరుతో దాదాపు అదే ఆట తిరిగి వచ్చిన సంగతి పాఠకులకు విదితమే. దాన్నీ 2022 జులైలో ఆపారు, 2023 మేలో మళ్లీ వదిలారు. ‘ఫ్రీ ఫైర్’ 2022 ఫిబ్రవరిలో నిషేధానికి గురికాగా దాని అన్న ‘ఫ్రీ ఫైర్ మాక్స్’ మిగిలింది. పేర్లు ఎన్ని మారినా ఊళ్లలో మాత్రం అన్నిటినీ పబ్జీ అనే అంటారు.

ఈ ఆట వల్ల చదువు చెడుతోందని తల్లిదండ్రులు వాపోతున్నారు. అందులో నిజం లేకపోలేదు. 2023లో ఆట తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటలు, పెద్దలకు 6 గంటలు అని పరిమితి పెట్టారు. తండ్రి ఫోనులో, తండ్రి పేరుతో ఆడే పిల్లవాడికి ఆ పరిమితి ఏపాటిదో వేరే చెప్పనక్కరలేదు. అది అలా ఉంచితే, పెద్దలెవరూ చెవిన పెట్టని విషయం మరొకటి ఉంది. అది ఆటలో పిల్లలు మాట్లాడుకునే మాట. ఆ మాట రోజురోజుకు దిగజారుతోంది. దాని ఫలితం ఫోను దాటి ఊళ్లోకి వస్తోంది.

ఆట తెలియని వారికి నాలుగు ముక్కలు చెప్పాలి. విమానంలోంచి సుమారు 100 మంది గొడుగులతో దిగుతారు. నలుగురు ఒక జట్టు. చివరిదాకా మిగిలిన జట్టు గెలుస్తుంది. నలుగురూ నాలుగు ఊళ్లలో ఉన్నా మైకులో మాట్లాడుకోవచ్చు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఒకరి ఫోనులో కనిపించేది మరొకరికి కనిపించదు. శత్రువు కనబడగానే “అదిగో అక్కడ, అక్కడ” అని అరిచితే తక్కిన ముగ్గురికి అర్థమయ్యేది సున్నా. ఫోను తెర పైభాగాన దిక్సూచి ఉంటుంది. ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270. “315లో ఒకడు, బండ వెనక” అన్నామంటే వాయవ్యం వైపు చూడాలని అందరికీ ఒక్క క్షణంలో తెలుస్తుంది. మాట చిన్నది, పని పెద్దది.

ఈ ప్రాంతంలో ఇది మరీ అవసరం. ఇక్కడి జట్లలో మడకశిర కుర్రవాడితో పాటు శిరా, పావగడ వైపు కన్నడ కుర్రవాడు, ధర్మవరం నుంచి కన్నడం రాని వాడు కలిసి ఆడటం సహజం. కన్నడిగుడు కుడి పక్కను ‘బలగడె’ అంటాడు. సరిహద్దు వాడికి అర్థమవుతుంది గానీ ధర్మవరం వాడు బలమేమిటో, గడ ఏమిటో తేల్చుకునేలోపు గుండు తగులుతుంది. తప్పు భాషది కాదు. అయినా తగిలిన వెంటనే వచ్చే తిట్టు మాత్రం వాడి భాష మీద, వాడి ఊరి మీద, అక్కడినుంచి వాడి తల్లి మీద పడుతుంది. అంకెలకు ఆ బాధ లేదు.

అలాగే ఎప్పుడు మాట్లాడకూడదో తెలియడం కూడా ఆటే. ఎదుటివాడి అడుగుల చప్పుడు ఇయర్‌ఫోనులో వినిపిస్తుంది. దాన్ని బట్టే వాడు మిద్దె మీద ఉన్నాడా, కింద ఉన్నాడా అనేది తెలుస్తుంది. ముందే చచ్చిపోయిన ఆటగాడు మిగిలినవాడి తెరను చూస్తూ “అటు పో, ఇటు పో, కాల్చు” అని గావుకేకలు పెడితే ఆ అడుగుల చప్పుడు మునిగిపోతుంది. ఉన్న ఒక్కడూ పోతాడు. పోయాక మళ్లీ వాడికే తిట్లు. పెద్ద పోటీలలో ఆడే జట్లు ఒకరిని నాయకుడిగా పెట్టుకుని, కదలాలా ఆగాలా అనేది ఆయన మాటకే వదలడం ఊరికే కాదు.

చెడుగుడు ఆడినవారికి ఇదంతా కొత్తగా ఉండదు. చెడుగుడులో అవుటైనవాడు గీత బయట కూర్చుంటాడు. తన జట్టువారు ఎదుటివారిలో ఒకరిని పడగొడితే లేచి లోపలికి వస్తాడు. ఈ ఆటలోనూ గుండు తగిలినవాడు వెంటనే చావడు, నేలమీద పాకుతూ ఉంటాడు. తోటివాడు దగ్గరికి వెళ్లి కొన్ని సెకన్లు ఆగితే లేస్తాడు. అయితే చెడుగుడు కోర్టు చుట్టూ ఊరుంది. మేనమామ ఉంటాడు, పంతులుగారు ఉంటారు. అవుటై వచ్చినవాణ్ణి బూతు మాట అంటే ఎవరో ఒకరు గద్దిస్తారు. సెల్‌ఫోను చుట్టూ ఎవరూ లేరు. పదమూడేళ్లవాడు నోరు జారినా పక్కన కూర్చున్న తాతకు వినపడేది ఒక వైపు మాత్రమే.

కులం పేరు ఎత్తి తిట్టడం కూడా మైకులో వినిపిస్తోంది. రచ్చబండ దగ్గర అనడానికి జంకే మాటను, ముఖం కనపడదు గనుక ఇక్కడ అనేస్తున్నారు. ఆడపిల్ల గొంతు వినబడితే ఆట ఆగిపోయి వెకిలి మాటలు మొదలవుతాయి. అందుకే ఆడే అమ్మాయిలు మైకు కట్టేసి ఆడతారు. నలుగురిలో ఒకరు మూగగా ఆడే జట్టు ఎలా గెలుస్తుందో మగపిల్లలే చెప్పాలి.

సిగ్నల్ సంగతి వేరే. గుట్టల నడుమ ఉన్న గ్రామాల్లో అది ఒక నిమిషం ఉంటే ఒక నిమిషం ఉండదు. ఆట మధ్యలో మాయమైనవాణ్ణి పిరికివాడు, పారిపోయాడు అనడం అన్యాయం. “మా ఊళ్లో సిగ్నల్ సరిగా లేదు” అని ముందే చెప్పి దిగితే ఎవరికీ మనసు కష్టం ఉండదు.

ఇదంతా ఆటే కదా, పోనిద్దురూ అనేవారు ఒకటి ఆలోచించాలి. వానలు లేక, వేరుశనగ చేతికి రాక ఈ ప్రాంతం నుంచి బెంగుళూరుకు వలస వెళ్లిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పీన్యా షెడ్లలో డ్యూటీ దిగి గదికి వచ్చిన యువకుడు ఊళ్లో మిగిలిన స్నేహితుడితో రోజూ మాట్లాడేది చాలాసార్లు ఈ ఆటలోనే. “వాన పడిందా, మచ్చా?” అని అడిగేది, అవ్వకు జ్వరం తగ్గిందా అని అడిగేది కూడా ఆ మైకులోనే, గొడుగుతో దిగేలోపు. ఓడిన కోపంలో అన్న ఒక మాటతో ఆ తీగ తెగితే, మళ్లీ కలిసేది జాతరకే. అప్పుడు కూడా ముఖం తిప్పుకునేవారు ఉన్నారు.

తిట్టేవాడి మైకు వినపడకుండా చేసే బటన్ ఆటలోనే ఉంది. వాడిపై ఫిర్యాదు చేసే వీలూ ఉంది. ఫిర్యాదులు రుజువైతే వాడి మెరిట్ స్కోరు తగ్గుతుంది. అపరిచితుల విషయంలో ఇది చాలు. సొంత ఊరి వాడి మీద ఫిర్యాదు చేసేదెవరు? అక్కడ జట్టే కట్టడి పెట్టుకోవాలి. పడినవాణ్ణి తిట్టకూడదు. ఎవరి తప్పు అనే లెక్క ఆట ముగిశాకే. గెలిచినవాడిని బాగా ఆడావనాలి.

జాతరలకు, పండుగలకు వాలీబాల్ పోటీలు నడిపే యువజన సంఘాలు ఈ ఆటను కూడా అదే షామియానా కిందికి తెస్తే బాగుంటుంది. పందెం మాత్రం కాయకూడదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. ఒక కప్పు, నాలుగు దండలు చాలు. పెద్ద ఖర్చేమీ లేదు. జట్టు నలుగురినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి, వారి మైకు మాటలను సౌండ్ బాక్సులో ఊరంతటికీ వినిపించాలి. తల్లులు కూడా ముందు వరుసలో కూర్చుంటే మరీ మంచిది.