అప్పీలు వేస్తే చాలదు.. స్టే ఉండాల్సిందే
భూమి డిక్రీల అమలులో గడువులు, షరతులే కీలకం

నంద్యాల: భూవివాదంలో దిగువ కోర్టు తీర్పు వెలువడటంతోనే వ్యవహారం ముగిసిపోదు. ఓడిన పక్షం పై కోర్టును ఆశ్రయిస్తుంది. 'అప్పీలు వేశాం, ఇక పొలం జోలికి ఎవరూ రాలేరు' అన్న ధీమాతో ఊరుకునేవారూ ఉన్నారు. ఇది కేవలం అపోహ. అప్పీలు దాఖలైనంత మాత్రాన డిక్రీ అమలు ఆగదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డరు 5వ నిబంధన స్పష్టం చేస్తోంది. అమలు ఆగాలంటే స్టే కోసం ప్రత్యేకంగా దరఖాస్తు చేసి, ఉత్తర్వు పొందాల్సిందే.

కె.సి. కాలువ నీటిపై ఆధారపడిన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో పొలం చేజారితే పోయేది భూమి ఒక్కటే కాదు. నాటిన పైరు, దానిపై పెట్టిన పెట్టుబడి కూడా ప్రశ్నార్థకమవుతాయి.

గడువు దాటితే చిక్కే

అప్పీలుకు జిల్లా కోర్టులోనైతే 30 రోజులు, హైకోర్టులోనైతే 90 రోజుల గడువు ఉంటుంది. తీర్పు నకలు పొందడానికి పట్టిన కాలాన్ని ఇందులో నుంచి మినహాయిస్తారు. గడువు ముగియకముందే తగిన కారణం చూపితే, తీర్పు ఇచ్చిన కోర్టే అమలును కొంతకాలం నిలిపివేయవచ్చు. ఆలస్యంగా వచ్చిన అప్పీలుదారుకు ఈ వెసులుబాటు లేదు. అప్పీలును విచారించాలని కోర్టు నిర్ణయించేవరకు స్టే ఇవ్వరాదని చట్టం నిర్దేశిస్తోంది.

ఊరికే రాదు

స్టే ఇచ్చేముందు కోర్టు మూడు అంశాలను పరిశీలిస్తుంది. అమలు జరిగితే గణనీయమైన నష్టం కలుగుతుందా, దరఖాస్తులో అనుచిత జాప్యం జరిగిందా, తుది డిక్రీకి కట్టుబడతానని దరఖాస్తుదారు హామీ ఇచ్చారా అన్నవే అవి. ఢిల్లీలోని ఆత్మారాం ప్రాపర్టీస్ కేసు ఇందుకు దిక్సూచిగా నిలిచింది. నెలకు రూ.371.90 అద్దెకు ఉన్న సంస్థను ఖాళీ చేయించాలన్న ఉత్తర్వును నిలిపివేస్తూ, అద్దెకు అదనంగా నెలకు రూ.15 వేలు జమ చేయాలని ట్రిబ్యునల్ షరతు విధించింది. హైకోర్టు ఆ షరతును తొలగించగా, 2004 డిసెంబరులో సుప్రీంకోర్టు దానిని పునరుద్ధరించింది.

ప్రభుత్వానికీ ఇదే దారి. అమరావతిపై 2022 మార్చి 3న హైకోర్టు ఇచ్చిన తీర్పులోని గడువుల అమలు ఆగింది, అదే ఏడాది నవంబరు 28న సుప్రీంకోర్టు స్టే ఇచ్చిన తరువాతే.

గెలిచినవారు చేయాల్సింది

డిక్రీ పొందినవారూ నిశ్చింతగా ఉండరాదు. ముందుగా కేవియట్ దాఖలు చేస్తే, వారికి తెలియకుండా స్టే ఉత్తర్వు వెలువడే అవకాశం తగ్గుతుంది. అది 90 రోజులు చెల్లుతుంది. అమలు పిటిషన్లను ఆరు నెలల్లో పరిష్కరించాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించి, 2025లో మరోసారి గుర్తుచేసింది. అయితే మధ్యంతర స్టే ఆరు నెలలకు దానంతటదే రద్దు కాదని 2024 ఫిబ్రవరి 29న రాజ్యాంగ ధర్మాసనం తేల్చిచెప్పింది. కనుక సత్వర విచారణ కోరాల్సిన బాధ్యత డిక్రీదారుపైనే పడుతోంది.

అమీనా వచ్చేలోగా

స్టే ఉత్తర్వు దిగువ కోర్టుకు చేరిన నాటి నుంచే అమలులోకి వస్తుంది. అది అందేలోగా, ఉత్తర్వు వెలువడిందని స్వయంగా తెలిసిన అప్పీలుదారు ప్రమాణపత్రం దాఖలు చేస్తే కోర్టు దానిని అనుసరించాలి. అమీనా పొలానికి వచ్చాక వాదించడం కన్నా, ముందే ఈ పత్రం దాఖలు చేయడం మేలు. ఒకవేళ భూమి అప్పటికే చేతులు మారినా, అప్పీలులో గెలిస్తే 144వ సెక్షన్ కింద తిరిగి పొందవచ్చు. కానీ పోయిన పంటకాలం తిరిగి రాదు.

షరతులు లేని స్టే గెలిచినవారికి శిక్ష అవుతుంది. స్టే నిరాకరిస్తే అప్పీలుదారుకు చివరకు గెలుపు కాగితానికే పరిమితం కావచ్చు. భూమి ఎవరి ఆధీనంలో ఉన్నా, ఏటా పంట విలువలో న్యాయమైన వాటాను కోర్టులో జమ చేయించే షరతే ఇరుపక్షాలకూ రక్ష.