కిరాయికి రంగు చూస్తమా?

మెహిదీపట్నం దాటి గోల్కొండ తొవ్వ పడితే టోలిచౌకి. అండ్లనే పారామౌంట్ కాలనీ. మొన్న సాయంత్రం ఆ గల్లీలల్ల తిరిగినం. సోమాలియా, సూడాన్, యెమెన్ మాటలు వినవడ్డయి. చదువుకొచ్చినోళ్లు కొందరు, దవాఖాన్లకొచ్చినోళ్లు కొందరు. అరబ్బీ బోర్డున్న హోటల్ల ఒక్క తాంబాళం చుట్టూ నలుగురు కూసొని మండి తింటున్నరు.

మనకిది కొత్తనా? నిజాం ఫౌజుల కొలువుకని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్సే ఇయ్యాల్టి బార్కస్. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, సిద్దీల బస్తీ. బరాత్‌ల మనం ఎగిరే మర్ఫా దరువు వీళ్లు తెచ్చిందే. మన హలీం కూడా అరబ్బుల హరీస్‌కు సుట్టమే!

మరి గిప్పుడు ఆఫ్రికా పోరడు రూము అడిగితే ముఖం ఎందుకు మాడుతున్నది? మాకెరుకైన ఓ ఇంటాయన వీసా, కాలేజీ కాయితాలన్నీ చూసి, ఆఖరికి 'నల్లోళ్లకు ఇయ్యం' అన్నడు. ఆయన సొంత తమ్ముడు దుబాయిల సోనాపూర్ క్యాంపుల, బంకు మంచం మీద పంటున్నడు. ఆణ్ని ఎవడన్న గిట్లనే అంటే మనం ఊకుంటమా?

నేరం చేసినోని మీద కేసు పెట్టుండ్రి, ఎవరొద్దన్నరు? కాలనీ మొత్తాన్ని దొంగను చేసుడేంది? విదేశీయులకు ఇల్లిచ్చినోళ్లు 24 గంటల్ల ఆ వివరాలు సర్కారుకు ఇయ్యాలె. కానూన్ అడిగేది గదే, ఒంటిరంగు కాదు. గా పోరడు ఇంకా రూము దేవులాడుతనే ఉన్నడు.